శేషము నెవరు భరింపవలెను?

లెక్కలో తప్పు లేకున్నను శేషము మిగులుట కలదు. దాని నెవరు భరింపవలెనన్నది గణితము తీర్పఁజాలని ధర్మప్రశ్న. సంగీతమున దీనికొక నిదర్శనము గలదు.

తంత్రి పొడవును మూఁటిలో రెండు పాళ్లు చేసి మీటినచో పంచమము పలుకును. ఆ పంచమమునే షడ్జముగాఁ గొని, మరల దాని పంచమమునకుఁ బోవుచు 12 మాఱులు సాగినచో, ఏడు స్థాయిల పైనున్న షడ్జమును జేరుదుమని తోఁచును. కాని చేరము. ఆ షడ్జము 5,24,288 మాఱులు కంపించు కాలమున ఈ స్వరము 5,31,441 మాఱులు కంపించును. మూఁటిని మూఁటితో నెన్నిసారులు హెచ్చించినను బేసిసంఖ్యయే; రెంటిని రెంటితో హెచ్చించిన సరిసంఖ్యయే. అవి యెన్నఁడును కలియవు. ఈ యంతరమును యవన తత్త్వవేత్త పైథాగరసు పేర ‘కామా’ యందురు. అది నూటికి ఒకటిన్నరకు లోపే. ఐనను రెండు స్వరములును కూడ మ్రోగినచో నాదము చలించును.

పాశ్చాత్యులు పూర్వము 11 పంచమములను శుద్ధముగా నుంచి, లోటంతయుఁ బండ్రెండవదానిపై మోపిరి. అది వినుటకుఁ గఠోరమై యూళవలె నుండుటచే ‘తోడే’లనిరి. పిమ్మట లోటును పండ్రెంటికిని సమముగాఁ బంచిరి. ఆబిడ్సు అంగళ్లలో నేఁడు కొను కీబోర్డు సామాన్యముగా నీ పద్ధతిదే.

మన రామామాత్యుఁడును 1550లో రచించిన స్వరమేళకళానిధిలో వీణమెట్లను గూర్చి చెప్పుచు, ఇట్టి స్వల్పభేదమునే యెదుర్కొనెను. అంతరగాంధారమునకు వేఱుమెట్టు పెట్టక, చేరువనున్న చ్యుతమధ్యమగాంధారమును దానికిఁ బ్రతినిధిగాఁ జేసెను. రెండును ఒక్కటే యని బొంకలేదు. ప్రతినిధి యని స్పష్టముగాఁ బలికెను. ఈ నిజాయితీ మాకు మిక్కిలి నచ్చినది.

ఇఁక మన యిండ్లఁ జూతము. ఆదాయము చాలనినాఁడు తండ్రి మర్యాద, కొడుకు చదువు, పండుగ వేడుక, అన్నియు శుద్ధముగా నిలువవలెనన్నచో కూఁతురి చదువు నిలిచిపోవును. కోడలి నగ తాకట్టునకుఁ బోవును. ఆమె నోరెత్తినచో గయ్యాళి యందుము. తోడేలను పంచమము పుట్టుకచేఁ జెడ్డది కాదు. తక్కిన పదునొకంటి శుద్ధతకై ఋణము తీర్చుచున్నది.

సమముగాఁ బంచినచో నే పంచమమును శుద్ధముగా నుండదు గదా యని కొంద ఱాక్షేపింతురు. నిజమే. కాని పండ్రెండవ పాలు లోటును చెవి యించుమించుగాఁ గనిపెట్టదు. అంతియ కాదు, సమభాగమే తుదిమాట కానక్కఱలేదు. రాంకోఠి కళాశాలలోనో, నాంపల్లి తెలుగు విశ్వవిద్యాలయముననో సంగీత మభ్యసించినవా రెఱుఁగుదురు: వీణమెట్లు మైనముపై నిలుచును; వాదకుఁడు తంత్రిని ప్రక్కకు లాగి, వినుచు దిద్దుకొనును. గృహస్థులును ఈ నెల ఖర్చు వ్రాయునపుడు, కొఱఁత యే పేరిటఁ బడినదో యొకసారి చూచి, ఆ పేరుగలవారిని బిలిచి వారి మాట విందురు గాక.