గర్వం: పొంగిన నీరు ఎటు పారుతోంది?



ఏడు మూల పాపాలలో మొదట చెప్పుకొనేది గర్వం. అయితే మన వాడుకలోనే ఒక చిక్కు ఉంది. "వాడికి గర్వం తలకెక్కింది" అని నిందిస్తాం. "మా అమ్మాయిని చూస్తే గర్వంగా ఉంది" అని సంతోషిస్తాం. మాట ఒక్కటే. ఒకచోట అది పాపం, మరొకచోట ఆనందం.

పాత నిబంధన వ్రాయబడిన హెబ్రీ భాషలోనూ ఇంతే. అక్కడ గర్వానికి వాడే మాటలలో ముఖ్యమైనది 'గాఓన్'. దాని ధాతువుకు పైకి లేవడం, పొంగడం అని అర్థం. దేవాలయం నుండి పారిన నీరు దాటలేనంతగా పొంగిందని యెహెజ్కేలు ప్రవక్త చెప్పింది ఈ ధాతువుతోనే (47:5). చిత్తడి నేల లేనిదే జమ్ము ఎదుగుతుందా అని యోబు గ్రంథం అడిగేటప్పుడు ఆ ఎదుగుదలకూ ఇదే మాట (8:11).

ఎర్ర సముద్రం దాటిన ప్రజలు పాడిన పాటలో దేవుని మహాత్మ్యానికి పేరు 'గాఓన్' (నిర్గమ 15:7). సామెతల గ్రంథంలో నాశనానికి ముందు నడిచేది కూడా 'గాఓన్' (16:18). మరి తేడా ఎక్కడ ఉంది?

'యాకోబు గాఓన్' అన్న మాటను చూడండి. 47వ కీర్తనలో అది దేవుడు ప్రేమించి ఇచ్చిన వారసత్వం. ఆమోసు 6:8లో అదే మాట దేవునికి అసహ్యం. ఎందుకని? దంతపు మంచాల మీద పడుకొని, క్రొవ్విన గొర్రెపిల్లలను తింటున్న పెద్దలకు తమ జాతికి కలిగిన నాశనం పట్టలేదు. వరాన్ని ఇచ్చినవానినీ మరచారు, ప్రక్కవానినీ మరచారు. యెహెజ్కేలు సొదొమ దోషాలను లెక్కిస్తూ మొదట గాఓన్ అంటాడు. తరువాత కడుపునిండా తిండి, నిశ్చింత, చివరకు పేదవానికి చేయి అందించకపోవడం (16:49). గర్వం ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో గమనించారా?

దేవుడు లేచింది బానిసలను లేవనెత్తడానికి. మనిషి లేచేది తరచుగా ఇతరుల భుజాలు తొక్కి. గోదావరి పొంగితే కాలువలు నిండి పైరు పండుతుంది. గట్టు తెగితే అదే నీరు ఊరిని ముంచుతుంది.

మన విచారణలనే చూసుకుందాం. బిడ్డ చదువు, కట్టుకున్న ఇల్లు, పండుగకు ఇచ్చిన చందా, ఇవన్నీ దేవుని వరాలే. వాటిని చూసి సంతోషించడం తప్పు కాదు. కాని గుడిలో ముందు వరుస మాదేనన్నప్పుడు, ఒకే దివ్యసత్ప్రసాదం స్వీకరించి కులం చూసి ప్రక్కకు జరిగినప్పుడు, సమాధుల దొడ్డిలో సైతం గోడ కోరినప్పుడు, మన గాఓన్ గట్టు తెంచుకుంది. అది పరువు కాదు, పాపం.

నిజమైన మహిమ గల ప్రభువు నడుముకు తువాలు కట్టుకొని శిష్యుల పాదాలు కడిగాడు (యోహాను 13).

ఈ వారం ఆత్మపరిశీలనలో రెండు ప్రశ్నలు వేసుకోండి. నాకున్నది ఎవరిచ్చారు? నా ఎదుగుదల వలన ఎవరు లేచారు? రెండవ ప్రశ్నకు జవాబుగా ఒక్క పేరైనా దొరకకపోతే, పాపసంకీర్తనకు వెళ్ళే ముందు ఆ పొరుగువాని గడప ఎక్కండి. ప్రభువు మిమ్ము దీవించును గాక. ఆమెన్.