ఎవరి ముఖం, ఎవరి చొక్కా?

మా ఊరి వాలీబాల్ జట్టు సంగతితో మొదలుపెడతాను. రెండేళ్ల కిందట మండల పోటీల కోసం మా పిల్లలు చందాలు వేసుకుని, తునికాకు డబ్బుల్లోంచి కొంత తీసి, పట్నంలో పన్నెండు జెర్సీలు చేయించుకున్నారు. "మాది ఆదివాసీ జట్టు, దానికి తగ్గ బొమ్మ వెయ్యన్నా" అని ప్రింటింగ్ అతన్ని అడిగారట. అతను కంప్యూటర్‌లో వెతికి ఒక తల బొమ్మ తీసి గుండెల మీద వేసిచ్చాడు. ఎర్రటి ముఖం, వంకర ముక్కు, తల చుట్టూ పెద్ద పెద్ద ఈకలు. పిల్లలు ఎంతో సంబరంగా తెచ్చి చూపించారు. వాళ్లలో చిన్నవాడు అడిగాడు: "ఇది మనదే కదా అన్నా?"

మనది కాదు. మా కోయల కొమ్ము ఆటలో తలకు పెట్టుకునేవి అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు. జెర్సీ మీద ఉన్నది అమెరికా మైదానాల ఆదివాసులు పెట్టుకునే గద్ద ఈకల కిరీటం. అక్కడ ఒక్కో ఈక ఒక్కో మంచి పనికి, ధైర్యానికి గుర్తుగా దొరుకుతుంది. దుకాణంలో కొనుక్కుని పెట్టుకునేది కాదది. ఏడు సముద్రాల అవతలి మనిషి ముఖం మా పిల్లల చొక్కా మీదికి ఎలా వచ్చింది? ఆ దారి వెతుక్కుంటూ పోతే అమెరికా పాత ఆటల జట్ల చరిత్ర తగిలింది. దాంతోపాటు తేలిగ్గా వదలని ప్రశ్న ఒకటి వచ్చి పడింది. గౌరవంగానే వేశామని బొమ్మ వేసినవాడు అంటే సరిపోతుందా?

ముందు ఆ చరిత్ర చూద్దాం. 1897లో క్లీవ్‌లాండ్ నగరపు బేస్‌బాల్ జట్టు పేరు స్పైడర్స్. ఆ ఏడు అందులోకి లూయిస్ సొకలెక్సిస్ అనే ఆటగాడు వచ్చాడు. మెయిన్ రాష్ట్రంలోని పెనబ్‌స్కాట్ తెగవాడు. బంతిని బలంగా కొట్టేవాడు, దూరం నుంచి గురిచూసి విసిరేవాడు. అతను మైదానంలోకి రాగానే జనం "ఇండియన్లు" అరుస్తారని తాము ఊహించుకున్న కేకలు అరిచి వెక్కిరించేవారు. రెండు మూడేళ్లకే అతని ఆట ముగిసింది. 1913లో, నలభై రెండేళ్ల వయసులో చనిపోయాడు. 1915లో ఆ నగరంలోని మరో జట్టు "ఇండియన్స్" అని పేరు పెట్టుకుంది. సొకలెక్సిస్ గౌరవార్థమే ఆ పేరు పెట్టామని తర్వాత చాలాకాలం చెప్పుకుంది. ఆనాటి పత్రికలు తిరగేసిన పరిశోధకులు ఆ మాటను ఒప్పుకోలేదు. గౌరవమే అనుకుందాం. అప్పటికి అతను పోయి ఏడాది దాటింది. బతికున్నప్పుడు వెక్కిరింత, పోయాక పేరు. మధ్యలో అతన్ని గానీ అతని తెగను గానీ ఎవరూ ఏమీ అడగలేదు.

1947లో ఆ జట్టు యజమాని ఒక బొమ్మ గీయించాడు. గీసింది పదిహేడేళ్ల కుర్రాడు. 1951లో దాన్ని మార్చాక ముఖం ఎర్రబడింది, నవ్వు చెవుల దాకా సాగింది, తల వెనక ఒక్క ఈక నిలబడింది. "చీఫ్ వాహూ" అని పిలిచేవారు. ఆ బొమ్మ టోపీ పెట్టుకుని తండ్రులు పిల్లల్ని ఆటకు తీసుకుపోయారు. 2018 ఆటల కాలం ముగిశాక గానీ అది చొక్కాల మీంచి దిగలేదు. 2022 నుంచి ఆ జట్టు పేరు గార్డియన్స్. నగరంలోని ఒక వంతెన మీద కాపలాగా నిలిచిన రాతి బొమ్మలను బట్టి పెట్టుకున్న పేరు.

మిగతా జట్ల సంగతీ ఇలాంటిదే. బోస్టన్‌లోని బేస్‌బాల్ జట్టు 1912లో "బ్రేవ్స్" అయింది. దాని యజమాని న్యూయార్క్‌లోని ఒక రాజకీయ ముఠా మనిషి. ఆ ముఠాకు ఆదివాసీ నాయకుడి బొమ్మ గుర్తుగా ఉండేది. పేరు అక్కణ్ణుంచే వచ్చింది. ఆ జట్టే ఇప్పుడు అట్లాంటాలో ఉంది. బోస్టన్‌లోనే 1932లో పుట్టిన ఫుట్‌బాల్ జట్టు మరుసటి ఏడు "రెడ్‌స్కిన్స్" అయింది. అంటే ఎర్రతోలువాళ్లు. 1937లో అది దేశ రాజధాని వాషింగ్టన్‌కు తరలింది. ఆ యజమానే 1962 దాకా తన జట్టులో నల్లజాతి ఆటగాళ్లను చేర్చుకోలేదు. ఎదుట నిలబడ్డ మనిషికి చోటివ్వనివాడు, ఇంకొక మనిషి పేరును గౌరవం కోసమే వాడుకున్నాడంటే ఎలా నమ్మాలి?

వాదన ఇక్కడితో ముగిస్తే తేలికే. వాళ్లది దొంగ గౌరవం, బొమ్మ తీసేయాలి, అయిపోయింది. కానీ నన్ను నిలబెట్టి ఆలోచింపజేసినవి రెండు సంగతులున్నాయి.

మొదటిది ఊరాంగ్ ఇండియన్స్ కథ. 1922, 1923లో రెండేళ్లు మాత్రమే ఆడిన ఫుట్‌బాల్ జట్టు. ఒహాయో రాష్ట్రంలో లరూ అనే చిన్న ఊరిది. యజమాని కుక్కల వ్యాపారి. తన కుక్కలకు ప్రచారం కోసం జట్టు పెట్టాడు. ఆటగాళ్లంతా ఆదివాసులే. వాళ్ల నాయకుడు జిమ్ థోర్ప్, సాక్ అండ్ ఫాక్స్ తెగవాడు, 1912 ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచినవాడు. ఆ పతకాలను మరుసటి ఏడే లాక్కున్నారు. అతన్ని ఏకైక విజేతగా మళ్లీ ఒప్పుకోడానికి 2022 దాకా పట్టింది. అంతటి మనిషి, ఆట మధ్య విరామంలో కుక్కల విన్యాసాలు జరిగే జట్టులో ఆడాడు. గొడ్డలి విసరడం, నాట్యం చేయడం కూడా ఆ ఆటగాళ్ల పనే. వాళ్లలో చాలామంది కార్లైల్ పాఠశాలలో చదివినవాళ్లు. పిల్లల జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడనివ్వకుండా చేసిన బడి అది. అక్కడ మరిచిపొమ్మన్న దాన్నే ఇక్కడ టికెట్ పెట్టి ఆడమన్నారు. అయినా కూలి దొరికింది, దేశమంతా తిరిగారు, తోటివాళ్లతో కలిసి ఆడారు. వాళ్లను తప్పుపట్టే నోరు నాకు లేదు. కలెక్టరో మంత్రో వస్తున్నాడంటే కొమ్ములు కట్టుకుని ఎండలో నిలబడే మావాళ్లను నేనూ చూశాను. ఆ రోజు కూలీ, ఒక పూట భోజనం వాళ్లకు అవసరం.

రెండోది ఇంకా చిక్కు. వాషింగ్టన్ జట్టు 1972లో హెల్మెట్ మీద కొత్త బొమ్మ వేసుకుంది. అది వెక్కిరింపు బొమ్మ కాదు, గంభీరమైన ముఖం. దాని వెనక ఉన్నది వాల్టర్ వెట్జెల్. బ్లాక్‌ఫీట్ తెగ నాయకుడు, అమెరికా ఆదివాసుల జాతీయ మహాసభకు అధ్యక్షుడిగా పనిచేసినవాడు. తమ పెద్దల ఫోటోలు తీసుకెళ్లి ఇచ్చి, ఇలాంటి ముఖం వేయమన్నాడు. ఆయన కుటుంబం ఆ బొమ్మను ఈనాటికీ గర్వంగా చూసుకుంటుంది. అదే మహాసభ 1968 నుంచి ఇలాంటి బొమ్మలకు వ్యతిరేకంగా ప్రచారం చేస్తూ వచ్చింది. షాయెన్, మస్కోగీ తెగల బిడ్డ సుజాన్ షోన్ హార్జో 1992లో ఆ జట్టు పేరు మీద ఫిర్యాదు వేసి, పదిహేడేళ్లు పోరాడి ఓడిపోయింది. తర్వాత నవాజో తెగకు చెందిన అమాండా బ్లాక్‌హార్స్ పోరాటం అందుకుంది. చివరికి పేరు మారింది 2020 జులైలో. జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత లేచిన ఉద్యమం, స్టేడియం మీద పేరున్న కంపెనీ పేరు మార్చమనడం, రెండూ కలిసి పనిచేశాయి.

ఇప్పుడు చెప్పండి, వెట్జెల్‌ది తప్పా, హార్జోది తప్పా? బొమ్మ పోతే ఈ దేశం తమను పూర్తిగా మరిచిపోతుందన్న భయం ఒకరిది. బొమ్మ ఉన్నంతకాలం బతికున్న తమను ఎవరూ చూడరన్న బాధ మరొకరిది. రెండూ నిజమే. ఆదివాసీగా పుట్టినవాళ్లకు రెండూ తెలుసు.

నేను పట్నం కాలేజీలో చేరిన మొదటి వారంలోనే "కోయదొరా, చెయ్యి చూసి చెప్పు" అని ఒకడు అరచెయ్యి చాపాడు. చుట్టూ నవ్వులు. ఈకలు కట్టుకుని, పూసలు వేసుకుని సంతల్లో జాతకాలు చెప్పే వేషగాడు వాళ్లకు తెలుసు. ఆకులు చుట్టుకుని అర్థంలేని కేకలు వేసే సినిమా గుంపు తెలుసు. పత్తి ఏరి, పరీక్ష రాసి, బస్సు పాస్ కోసం లైన్లో నిలబడే కోయ కుర్రాడు మాత్రం తెలియదు. వాడికి నా మీద కోపమేమీ లేదు. సరదాకే అన్నానన్నాడు, నమ్మాను. కానీ ఆ తర్వాత మూడేళ్లు మా ఊరి పేరు, భాష పేరు ఎవరికీ చెప్పలేదు. బొమ్మ చేసే పని ఇదే. అది తిట్టక్కర్లేదు. మనం నిలబడాల్సిన చోట ముందే వచ్చి నిలబడితే చాలు.

ఇది నా ఒక్కడి అనుభవం కాదని తర్వాత తెలిసింది. టులాలిప్ తెగకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త స్టెఫనీ ఫ్రైబర్గ్, తోటి పరిశోధకులతో కలిసి 2008లో ఒక అధ్యయనం ప్రచురించింది. చీఫ్ వాహూ లాంటి బొమ్మల గురించి అడిగితే ఆదివాసీ పిల్లలు ఎక్కువగా మంచి మాటలే చెప్పారు. కానీ అలాంటి బొమ్మలు చూసిన విద్యార్థుల్లో తమ విలువ, తమ సమాజం విలువ తగ్గి కనిపించాయి. రేపు ఏం కాగలమన్న ఊహ కూడా చిన్నదైంది. కాబట్టి "మీవాళ్లే బాగుందన్నారు కదా" అన్నది జవాబు కాదు. నచ్చడం వేరు, మేలు జరగడం వేరు.

మరి గౌరవానికి కొలత ఏది? నాకు తోచింది చెబుతాను. అడగడం ఒక్కటే చాలదు. అడిగినప్పుడు "వద్దు" అనే వీలు ఉండాలి. ఇవాళ ఒప్పుకున్నా రేపు మార్చుకునే హక్కు ఉండాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో స్పోకేన్ ఇండియన్స్ అనే చిన్న ప్రొఫెషనల్ బేస్‌బాల్ జట్టు ఉంది. 2006లో వాళ్లు స్పోకేన్ తెగ దగ్గరకు పోయి, కలిసి కూర్చుని గుర్తు తయారుచేశారు. మనిషి ముఖం లేదు. తెగవాళ్ల సలిష్ భాషలో రాసిన పేరు చొక్కా మీదికి వచ్చింది. చచ్చిపోతున్న భాషలోని అక్షరాలను వేలమంది చదివే చోట పెట్టారు. పేరులో "ఇండియన్స్" ఇంకా ఉంది, దాని మీద మాట పడేవాళ్లు ఉండొచ్చు. అయినా అక్కడ మాట్లాడుకునే దారి తెరిచి ఉంది. వెట్జెల్ కథలో లోపం వెట్జెల్‌ది కాదు. ఒక్క పెద్దమనిషి ఔనన్నది తీసుకుని, ఆ తర్వాత వద్దన్న వేలమందికి తలుపు వేశారు. తెగ లోపలి వాదన తెగ తేల్చుకోవాలి. అది తేలలేదు కదా అని బయటివాడు వ్యాపారం సాగించుకోకూడదు.

మరి పాత టోపీల సంగతి? తాత పెట్టుకున్న టోపీ కాల్చేయమని నేను అనను. పాత బొమ్మలను భద్రం చేయాలి. ఎప్పుడు, ఎవరు, ఎందుకు గీశారో పక్కనే రాసి ఉంచాలి. సొకలెక్సిస్ పేరు, ఆ కేకల సంగతి కూడా రాయాలి. చరిత్రగా దాచడం వేరు, "పాతకాలపు అందం" అని మళ్లీ అచ్చేసి అమ్మడం వేరు. అమ్మకంలో కథ రాలిపోయి ముఖం ఒక్కటే మిగులుతుంది. అలా మిగిలిన ముఖమే తిరిగి తిరిగి మా పిల్లల గుండెల మీదికి వచ్చింది.

ఆ రోజు ఇదంతా నాకు తెలియదు. "మనది కాదురా, వేరే దేశపు మనలాంటివాళ్లది, వాళ్లను అడక్కుండా వేసుకున్నాం" అని మాత్రం చెప్పాను. పోటీ ఎల్లుండే. వేరే చొక్కాలకు డబ్బుల్లేవు. పిల్లలు కాసేపు గొణుక్కుని, చొక్కాలు తిరగేసి వేసుకుని ఆడారు. కుట్లు బయటికి కనిపించాయి, చూసినవాళ్లు నవ్వారు. రెండో ఆటలోనే ఓడిపోయారు.

మరుసటి ఏడు వాళ్లే ఒక ఆలోచనతో వచ్చారు. మన కొమ్ముల బొమ్మ వేసుకుందామన్నారు. అయితే ఊరి పెద్దల్ని అడగండి అన్నాను. భూమి పండుగ నాడు అందరూ కూడినప్పుడు అడిగారు. పెద్దలు చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి మా పూజారి తాత అన్నాడు: "కొమ్ములు కొలుపులో కడతాం, పెళ్లిలో కడతాం. చెమట చొక్కా మీద వద్దురా. ఊరి పేరు రాసుకోండి, చాలు." పిల్లల ముఖాలు చిన్నబోయాయి. ఒకడు నా వైపు తిరిగి, "అనవసరంగా అడిగించావు అన్నా" అన్నాడు.

వాడి కోపం న్యాయమే. అడిగితే కాదనవచ్చు. కాదన్నాక ఆగిపోవాలి. క్లీవ్‌లాండ్ వాళ్లు, బోస్టన్ వాళ్లు నూరేళ్లు తప్పించుకున్నది ఈ చిన్న బాధనే. ఇప్పుడు మా జెర్సీల మీద బొమ్మ లేదు. ఊరి పేరు ఉంది, కింద కోయ మాటలో ఒక వరుస ఉంది. అదేమిటని ఎదుటి జట్టువాళ్లు అడుగుతున్నారు. మా పిల్లలు చెబుతున్నారు.