విత్తన దాసోహము

భానూరు, పటాన్‌చెరు పరిసరములలో ఒకప్పుడు జొన్న, కంది పండిన నేలలలో చాలభాగము నేడు కర్మాగారముల పాలైనది. భూమి పోయినవారికి పరిహారమైన లభించును. ఏ కార్తెలో ఏ గింజ వేయవలెనో, దేని ప్రక్కన దేనిని నాటవలెనో తరతరములుగా ఎరిగిన జ్ఞానము పోయినచో, దానికి వెలకట్టు అధికారి ఎచ్చటను లేడు.

పటాన్‌చెరు చెంత 1972లో వెలసిన ఇక్రిశాట్ సంస్థ, శీతల గదులలో లక్షకు పైగా విత్తన నమూనాలను భద్రపరచుచున్నది. గొప్ప కార్యమే. అయినను గదిలో నిద్రించు గింజకు ఏటేటి వానలతో పరిచయము కలుగదు. అది పొలమున జరుగవలసిన పని.

ఆ పనిని చూడగోరువారు ముంబయి రహదారి వెంట జహీరాబాదు వైపు పోవలెను. 1983లో ఆరంభమైన డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో పస్తాపూరు చుట్టుపట్ల గ్రామముల స్త్రీలు సంఘములుగా కూడిరి. వారిలో అధికులు చిన్న కమతములు గల దళిత స్త్రీలు. ఒకే చేనిలో జొన్న, కంది, కొర్ర, సామ, అనుము మున్నగు పది పదిహేను పంటలు కలిపి వేయుదురు. కంది వేరు లోతునకు దిగును. అనుము తీగ నేలను కప్పి తేమను నిలుపును. వాన తప్పినను ఏదో యొక పంట చేతికి వచ్చును. విత్తనములను బూడిద, వేపాకు కలిపి, పేడతో అలికిన బుట్టలలో దాచుదురు. అడిగిన రైతునకు కొలిచి యిత్తురు. పంట వచ్చిన పిమ్మట తీసుకొన్న దానికి మించి కొలిచి తిరిగి యిచ్చుటయే కట్టుబాటు. సంక్రాంతి నాళ్లలో ఆ గింజలను ఎడ్లబండ్లపై ఊరూర త్రిప్పి ‘పాత పంటల జాతర’ జరుపుదురు. 2008లో మాచునూరున తమ రేడియోను కూడ నెలకొల్పి, సేద్యపు ముచ్చట్లను తమ మాటలలోనే వినిపించిరి. 2019లో వారికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమపు ఈక్వేటర్ పురస్కారము లభించినది.

కాయకమున లభించినదానిని సమాజమున కర్పించుట దాసోహమని బసవేశ్వరుల బోధ. జహీరాబాదునకు పొరుగుననే యున్న కల్యాణమున, మారయ్య శరణుడు రాలిన బియ్యపు గింజలేరి తెచ్చెడివాడు. ఒకనాడు ఎప్పటికంటె ఎక్కువ తెచ్చెను. ఇల్లాలు లక్కమ్మ మెచ్చుకొనలేదు. మిగులును తిరిగి పోసి రమ్మని పంపెను. అక్షరజ్ఞానము లేని పల్లె స్త్రీ విత్తనమును అడిగినవారి కొంగులో పోయుటలో ఆ లక్కమ్మ నడతయే కానవచ్చును.

ఇచ్చట మన కుటుంబములు ఆలోచింపవలసిన దొకటి కలదు. భూములు మన పేర నున్న ఊళ్లలో సైతము విత్తన జ్ఞానము కూలికి వచ్చిన స్త్రీలయొద్దనే నిలిచినది. వారిని మన చేలకు పిలిచితిమి. వారి గడపకు పోయి నేర్పుమని అడిగినవారెందరు? మాదార చెన్నయ్య యింటి బిడ్డనని చెప్పుకొన్న బసవేశ్వరులకు ఆ సంకోచము లేకుండెను. ఇష్టలింగమును ధరించిన చేయి ఆ గడపలో చాచుటకు వెనుదీసిన, లోపము గడపది కాదు.

భానూరు వంటి ఊళ్లలో చేను లేని యింటికైనను పెరడుండును. మఠమునకు ఆవరణ యుండును. అనుము, బీర, కంది నాలుగు సాళ్లకు అదియే చాలును. అడుగదలచినవారు మృగశిరకు ముందే అడుగవలెను. తొలకరి పడిన పిమ్మట ఆమె గింజ నేలలో నుండును, బుట్టలో నుండదు.