గుర్తుపట్టే ఊళ్లలో కెమెరా

సెక్స్ వర్క్‌ను చిత్రించే డాక్యుమెంటరీల విషయంలో స్త్రీవాదులు రెండు పక్షాలుగా నిలిచారు. ఆ వృత్తి మొత్తాన్నీ పురుషాధిపత్య హింసగా భావించే నిర్మూలనవాదులకు, హైదరాబాదులో 1996లో మొదలైన ప్రజ్వల సంస్థ పక్షాన రాజేష్ టచ్‌రివర్ తీసిన ‘అనామిక’ వంటి చిత్రం ఆడపిల్లల అక్రమ రవాణాకు సాక్ష్యం. సెక్స్ వర్క్‌ను శ్రమగా గుర్తించాలనే హక్కులవాదులకు, షోహిని ఘోష్ 2002లో తీసిన ‘టేల్స్ ఆఫ్ ద నైట్ ఫెయిరీస్’లో కోల్‌కతా సోనాగాచీ స్త్రీలు తమ వాదాన్ని తామే వినిపించుకోవడం ఆదర్శం. 2005లో ఆస్కార్ అందుకున్న ‘బార్న్ ఇన్‌టు బ్రాథెల్స్’లో బయటినుంచి వచ్చిన దర్శకురాలు సెక్స్ వర్కర్ల పిల్లలను కాపాడే మనిషిగానూ, కన్నతల్లులు అడ్డంకులుగానూ కనిపిస్తారన్న అభ్యంతరం న్యాయమైనదే.

అయితే ఈ చర్చ చాలావరకు మహానగరంలో ఆ వృత్తికే పేరుపడిన వీధులను దృష్టిలో పెట్టుకుని సాగింది. కోస్తా ఆంధ్రలో అటువంటి వీధులు అరుదు. చాలామంది స్త్రీలు ఇంటినుంచో, హైవే పక్కనో, ఫోను ద్వారానో, ఇంట్లోవారికి సైతం తెలియకుండా ఈ పని చేస్తారు, వారిలో మిరపకోతలకూ పత్తితీతలకూ వెళ్లే కూలీలూ ఉండవచ్చు. జాతీయ రహదారి 16, చెన్నై–విజయవాడ రైలుమార్గం ఆనుకుని పోయే సింగరాయకొండ వంటి ఊరిలో అటువంటి స్త్రీ ఒకరు కెమెరా ముందు మాట్లాడితే, ముఖాన్ని మసకబరచి గొంతు మార్చినా, చీర అంచు, గోడ రంగు, మాట విరుపు ఆమెను పట్టిస్తాయి.

సినీ సిద్ధాంతకర్త లారా మల్వీ 1975లో ప్రతిపాదించిన ‘పురుష దృష్టి’, అంటే తెరమీది స్త్రీని చూసి ఆనందించే వస్తువుగా అమర్చే చూపు, చీకటి హాలులో కూర్చున్న అపరిచిత ప్రేక్షకుడిని ఊహిస్తుంది. చిన్న ఊళ్లో ప్రమాదం అంతకన్నా దగ్గరిది, అది ఎదురింటివారి చూపు, తోటికోడలి చూపు, బడిలో ఆమె బిడ్డ పక్కన కూర్చునే పిల్లల చూపు.

2022 మే 19న సుప్రీంకోర్టులో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు ధర్మాసనం అరెస్టులు, దాడులు, రక్షణ చర్యల సమయంలో సెక్స్ వర్కర్ల గుర్తింపును మీడియా బయటపెట్టరాదని చెప్పింది. ఆ ఆదేశం పోలీసు వెంట వచ్చే కెమెరాను ఉద్దేశించినది. సమ్మతి పత్రం మీద సంతకం చేయించుకుని, ఆదరంగా, సానుభూతితో వచ్చే కెమెరా ఆ ఆదేశం పరిధిలోకి రానే లేదు. ఒకనాటి సంతకం పదేళ్ల తరువాత కూతురి పెళ్లిమాటల నాటికీ చెల్లుతుందనుకోవడం అన్యాయం గనుక, కూర్పు పూర్తయిన చిత్రాన్ని ముందుగా అందులో మాట్లాడిన స్త్రీయే చూసి, విడుదల తరువాత కూడా తన భాగాన్ని వెనక్కి తీసుకోగలగాలి. దీనివల్ల కొన్ని బలమైన చిత్రాలు అసంపూర్ణంగా మిగలవచ్చు, కొన్ని అసలు బయటికే రాకపోవచ్చు. ఆ నష్టం దర్శకులది కావాలి, ఆ ఊళ్లోనే బతకవలసిన స్త్రీది కాకూడదు.