ముప్పై దాటినంక బ్యాండు

బిడ్డా, మట్టెవాడ గల్లీల షట్టర్ కిరాయికి తీసుకొని నువ్వూ నీ దోస్తులూ గిటార్లు, డ్రమ్ములు మోగిస్తున్నరని వాడంతా ఎరుకే. పంక్ అంటవు. మీ పాట నాకు సగమే సమజైతది గని మీ పద్ధతి మాత్రం పూరాగ తెలుసు. స్పాన్సరు లేడు, కంపెనీ లేదు, పోస్టరు మీరే గీసి మీరే అతికిస్తరు, గేటు కాడ వచ్చిన పైసలతోనే సౌండు బాక్సుల కిరాయి కడ్తరు. ముప్పై దాటుతున్నయి, ఇగ బందు పెట్టాల్నా కాకా అని మొన్న అడిగినవు.

ఎందుకు పెట్టాలె? మన ఓరుగల్లుకు ఈ తరీక కొత్తదా? వరవరరావు, ఆయన దోస్తులు 1966ల మొదలువెట్టిన ‘సృజన’ పత్రిక ఏ పెద్ద కంపెనీ అండ లేకుంటనే 1992 దాక నడిచింది. ఆయన జైలుకు పోయినప్పుడు భార్య హేమలత సంపాదకురాలై నడిపిండ్రు. 1972ల పుట్టిన పాటల జట్టు జన నాట్య మండలికి గొంగడి, డప్పు, గజ్జెలు ఉంటే సాలు, ఊరి నడుమ ఏ జాగైనా వేదికే. 2002ల కామారెడ్డిల షురువైన తెలంగాణ ఉద్యమ ధూంధాం కూడ ఆ తొవ్వలనే నడిచింది.

కొలువు దొరికితే ‘అమ్ముడుపోయిండు’ అంటరని భయపడకు. జన నాట్య మండలి గద్దర్ కెనరా బ్యాంకుల పనిచేసుకుంటనే పాడిండు, 1984ల గాని రాజీనామా ఇయ్యలే. 1997ల ఆయన మీద కాల్చిన తూటా ఒకటి వెన్నుల ఉండిపోయినా, డెబ్బై దాటినంక కూడ గొంతు ఆపలే. పాటల వంగపండు గూడ విశాఖ షిప్‌యార్డుల కార్మికుడే. నువ్వు మురిసిపోతా చెప్పే ఆ వాషింగ్టన్ మనిషి ఇయాన్ మెకాయ్ సంగతి గూడ గంతే గదా! 1980ల దోస్తులతోని పెట్టిన డిస్కార్డ్ రికార్డ్స్ అనే సొంత పాటల కంపెనీ ఇప్పటికీ నడుస్తున్నది, ఆయనకేమో అరవై దాటినయి. ఆయన ఫుగాజీ బ్యాండుకు టికెట్టు అయిదు డాలర్ల కాడనే పట్టి ఉంచిండ్రని నువ్వే చెప్పినవు. ఆ పట్టుదల నాకు నచ్చింది. ఆ సప్పుడు మాత్రం నచ్చలే.

సప్పుడంటే యాదికొచ్చింది, చెవులల్ల ప్లగ్గులు పెట్టుకోండ్రి. మేము పాడుకుంట తిరిగిన జట్టుల డప్పు కొట్టినోళ్ళతోని ఇప్పుడు పక్కకు కూసొని గూడ ఒర్రి మాట్లాడాలె.

ఇగ అసలు ముచ్చట. మా జట్టుల నాకంటే మంచి గొంతున్న ఆడపిల్లలు ఉండిరి. పెండ్లిళ్ళైనయి, పిల్లలైండ్రు, మళ్ళ వేదిక ఎక్కలే. మేము మగోళ్ళం తలకాయ నెరిసేదాక పాడినమంటే అది మా నిబద్ధత ఒక్కటే కాదు, ఇంట్ల వండేటోళ్ళు, పిల్లలను చూసేటోళ్ళు ఉండిరి. సభలల్ల ఈ లెక్క ఎవ్వలూ చెప్పరు. మీ బ్యాండుల బాస్ వాయించే పిల్ల నలభై ఏండ్లకు గూడ వాయించాల్నంటే రాత్రి పదింటికి మొదలయ్యే ప్రోగ్రాంలతోని కాదు. పొద్దుగూకకముందే షురూ చెయ్యుండ్రి. చంటిపిల్లతోని వచ్చేటోళ్ళకు బాక్సులకు దూరంగ ఒక మూల జంపఖానా పరువుండ్రి, ఆ మూలను మగోళ్ళే చూసుకోవాలె. ఎంజీఎం దవాఖాన గూడ దూరం లేదాయె, రాత్రి సప్పుడు తగ్గితే రోగులకూ మంచిదే.

ఇంకోటి, ఇరవై ఏండ్ల పోరగాండ్లు వచ్చి మీకన్న అధ్వాన్నంగ వాయిస్తరు. వాయించనీయుండ్రి. వాళ్ళను ఆఖరుకు పెట్టకుండ్రి, జనం నిండుగ ఉన్నప్పుడే ఎక్కించుండ్రి. ‘మా జమానల’ అన్న మాట నోట్లెకు వస్తే చాయ్ తాగుతందుకు బయటికి పో. పైసల లెక్క ఒక నోటుబుక్కుల రాసి అందరికి కనపడేటట్టు పెట్టు. సిద్ధాంతం మీద కొట్లాడి విడిపోయిన జట్లను చూసిన గని, పెట్రోలు ఖర్చు ఎవరు పెట్టిండ్రనే దాని మీద విడిపోయినయే ఎక్కువ.

వచ్చే నెల ప్రోగ్రాం అయిదింటికే పెట్టుండ్రి. బాక్సులు మోసుడు నాతోని కాదు గని, గేటు కాడ కూసొని టికెట్ పైసలు వసూలు చేస్త. ఉద్దెర మాత్రం ఇయ్య, నీ దోస్తులకు ముందే చెప్పి పెట్టు.