మనకు మనమే వేసికొను ముసుగు

అత్తమీది కోపము దుత్తమీద చూపుట మన ఊళ్లలో ఎవరును ఎరుగని సంగతి కాదు. కామందుచేత మాటలు పడిన మనుష్యుడు అక్కడ నోరు మెదపడు. ఇంటికి వచ్చి, అన్నము ఆలస్యమైనదని భార్యమీద మండిపడును. కోపము దేనికని అడిగినయెడల అన్నము సంగతియే చెప్పును. అతడు అబద్ధమాడుటలేదు, నిజముగా ఆలాగే నమ్ముచున్నాడు. చిక్కంతయు ఇక్కడనే యున్నది. తెలిసి బొంకినవానిని దోషి యనుట సులభము. తనకు తెలియకుండ తన్ను తానే మోసపరచుకొనువానిని ఏమనవలెను?

వియన్నా నగరపు వైద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడు 1894లోనే దీనినిగూర్చి వ్రాసెను. భరింపరాని తలంపును మనస్సు తన యెదుటనుండి తోసివేయును. తోయబడినది చావక, వేరొక రూపమున తిరిగి వచ్చును. 1923లో ఆయన మనస్సును మూడు పాళ్లుగా వర్ణించెను. కావలెనని పోరు కోరిక యొకటి, కూడదని గద్దించు లోపలి న్యాయాధిపతి యొకటి, వీరిద్దరి నడుమ నలిగిపోవు 'నేను' ఒకటి. ఆ 'నేను' తప్పించుకొనుటకు పన్ను ఉపాయములను ఆయన కుమార్తె ఆన్నా ఫ్రాయిడు 1936లో ఒక గ్రంథముగా కూర్చెను. ఈ ఫ్రాయిడే 1927లో మతమును భ్రమ యని వ్రాసెను. ఆ మాటను నేనొప్పను. అయితే వైద్యుడు మన విశ్వాసమును ఒప్పలేదు గనుక ఆయన చూపిన పుండు మనయందు లేదనుకొందుమా, అదియు ఒక ముసుగే.

ఆన్నా గ్రంథములో ఇద్దరు పిల్లలున్నారు. ఒక బాలిక దయ్యములకు జడిసి, చీకటి నడవ దాటలేకపోయెడిది. తరువాత చేతులు వింతగా త్రిప్పుచు పరుగెత్తి దాటసాగెను. ఎదురు రాగల దయ్యము తానే యనుకొన్నయెడల భయముండదని తమ్మునికి ఉపాయము చెప్పెనట! రెండవవాడు బడిపిల్లవాడు. ఉపాధ్యాయుడు గద్దించినప్పుడెల్ల ముఖము వికారముగా పెట్టి తరగతినంతటిని నవ్వించెడివాడు. నిదానించి చూడగా, ఆ వికారము కోపించిన ఉపాధ్యాయుని ముఖమునకు అచ్చముగా నకలు. వాడు ఎగతాళి చేయలేదు, భయపడినాడు. భయపెట్టువాని ముఖమునే తొడుగుకొన్నాడు. చిన్నతనమున బెత్తపు దెబ్బలు తిని ఏడ్చినవాడు పెద్దవాడై తన పిల్లలమీద అదే బెత్తము ఎత్తుట మీరు చూడలేదా? ఇట్టివానిని చూచి కోపము కంటె ముందు జాలి రావలెనని నా తలంపు.

అయితే జాలితో సరిపెట్టుకొనరాని చోట్లున్నవి. 1908లో ఎర్నెస్టు జోన్సు అను వైద్యుడు మరియొక ఉపాయమునకు పేరు పెట్టెను. చేసిన పనికి అసలు కారణము దాచి, అందమైన కారణము కల్పించుకొనుట అది. వరి నాటిన స్త్రీకి ఇయ్యవలసిన కూలిలో కొంత బిగబట్టిన ఆసామి, "ఆమె పెనిమిటి త్రాగివేయును, పిల్లల మేలు కొరకే నాయొద్ద ఉంచితిని" అనును. మనస్సాక్షి నెమ్మదిగానే యుండును. పిల్లలు మాత్రము పస్తు పండుకొందురు.

ఈ విద్య కొంచెము నేర్చినవానికి ఒక శోధన కలదు. పొరుగువానిమీద దానిని ప్రయోగించును. కాదన్నవానిని, కాదనుటయే నీ రోగమనును. ఇక తప్పించుకొను దారి ఏది? కార్ల్ పాపరు అను తత్త్వవేత్త 1963లో ప్రచురించిన గ్రంథమున ఈ లోపమునే చూపెను. బిడ్డను నీట ముంచువానికిని, ఆ బిడ్డ కొరకు ప్రాణమిచ్చువానికిని ఫ్రాయిడు సిద్ధాంతము సమానముగా కారణము చెప్పగలదు. న్యూనతా భావమే మూలమను ఆడ్లరు సిద్ధాంతమును అంతే. ఏమి జరిగినను సరిపోవు మాటతో ఎవనికిని తీర్పు తీర్చరాదు.

ఇవి మారని గుణములును కావు. హార్వర్డు విద్యార్థుల జీవితములను 1938 మొదలుకొని దశాబ్దముల తరబడి గమనించిన పరిశోధననుబట్టి జార్జి వేలంటు 1977లో వ్రాసినదేమనగా, వయస్సుతోకూడ ఈ ఉపాయములు పక్వము కాగలవు. నింద మోపువాడు క్రమముగా తన్ను చూచి తానే నవ్వుకొనగలడు.

దావీదును తలంచుకొనుడి. ఊరియాను చంపించి, అతని భార్యను తెచ్చుకొని, బిడ్డ పుట్టువరకు నోరు మెదపలేదు. నాతాను నిందతో మొదలుపెట్టలేదు. బీదవాని గొఱ్ఱెపిల్ల కథ చెప్పెను. ఎవడో ధనవంతుని దోషమునకు రాజు మండిపడి మరణ తీర్పు చెప్పెను. అంత కోపము ఎక్కడనుండి వచ్చినది? దాచినది దాగలేదన్నమాట. ముసుగు పడిన గడియలో అతనికెంత తెలిసెనో మనము తూచలేము. ఆ మనుష్యుడవు నీవేయని ప్రవక్త చెప్పిన గడియ వేరు. చెప్పినవానిని చంపించు అధికారము రాజుకున్నది. అతడు ఆ పని చేయక, తన పాపమును ఒప్పుకొనెను.

కూలి బిగబట్టిన ఆసామి యెదుటకు ఏ ప్రవక్తయు రాకపోవచ్చును. ఆ స్త్రీ మాత్రము సాయంకాలము వచ్చి, చేతిలోని డబ్బులు రెండుమారులు లెక్కపెట్టుకొని, అతని ముఖము వైపు చూచును. అప్పుడు అతడు తల త్రిప్పుకొన్నయెడల అది తెలిసియే త్రిప్పుకొనును.