ఐదవ శీలానికి మందు కూడా తోడు కావాలి





పంచశీలలో ఐదవది మత్తుకు దూరంగా ఉండడం. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ తాను ధమ్మ దీక్ష తీసుకుని, లక్షలాది జనం చేత 22 ప్రతిజ్ఞలు చేయించారు. మద్యం తాగను అన్నది వాటిలో ఒకటి. ఆ మహనీయుని పేరే ఈవేళ మన జిల్లా పేరు. తాగుడు చెడ్డదని మీకు తెలుసు. మానాలనుకున్న మనిషి ప్రాణం ఎలా నిలబెట్టాలో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఒట్టు వేయించాలి, గదిలో పెట్టి గొళ్ళెం వెయ్యాలి, నాలుగు రోజులు ఏడిస్తే అదే పోతుంది అని మనలో చాలామంది అనుకుంటాం. ఏళ్ళ తరబడి రోజూ తాగుతూ, పొద్దున్నే చుక్క పడకపోతే చేతులు వణికే మనిషికి అలా చేయడం ప్రమాదం. మద్యం మెదడును మందగింపజేస్తుంది. దాన్ని తట్టుకోవడానికి మెదడు లోలోపల ఉరకలు వేయడం అలవాటు చేసుకుంటుంది. మద్యం ఒక్కసారిగా ఆగిపోతే ఆ ఉరుకుకు పగ్గం ఉండదు.

కొన్ని గంటలకే వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. సాధారణంగా రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య కొందరికి జ్వరం వచ్చి, మతి తప్పి, లేనివి కనబడతాయి. మనం గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టిస్తాం. డాక్టర్లు దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే మనిషి చనిపోవచ్చు.

2020 లాక్‌డౌన్‌లో మందు, కల్లు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటి రోగులు గుంపులుగా వచ్చారు. అదే ఏడాది జూలై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. దుకాణం మూసినంత మాత్రాన వ్యసనం పోదని ఆ చావులు చెబుతున్నాయి.

దీనికి వైద్యం ఉందండి. ఆసుపత్రిలో డయాజిపామ్, లోరాజిపామ్ వంటి మందులిచ్చి, కొద్ది రోజుల్లో మెల్లగా తగ్గిస్తారు. బి1 విటమిన్ ఇస్తారు. తాగుడుతో ఒంట్లో అది తరిగిపోతుంది. అది ఇవ్వకుండా ఇంటి దగ్గర గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. తర్వాత, మళ్ళీ తాగాలన్న యావ తగ్గించే మందులు కూడా ఉన్నాయి.

అమ్మా, రెండు జాగ్రత్తలు. రోజూ తాగే మనిషిని డాక్టరుకు చూపించేదాకా బలవంతంగా ఒక్కరోజులో మాన్పించకండి, అలాగని ఆలస్యమూ చేయకండి. కూరలోనో కాఫీలోనో ఆయనకు తెలియకుండా ‘తాగుడు మాన్పించే పొడి’ కలపకండి. అందులో డైసల్ఫిరామ్ ఉండి, ఆపైన ఆయన తాగితే ప్రాణం మీదకు వస్తుంది.

ఎదుర్లంక వంతెన దాటితే యానాం. అక్కడ మందు చవకని ఆ వంతెన దాటేవాళ్ళు మనకు తెలుసు. అదే రోడ్డున ముందుకు వెళితే కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, అందులో మానసిక వైద్య విభాగం ఉన్నాయి. ఫిట్స్ వచ్చినా, మతి తప్పినా 108కి ఫోన్ చేయండి. సలహా కావాలంటే టెలీ మానస్ నంబరు 14416.

ఇది శీలానికి విరుద్ధమా? కాదు. వినయ పిటకంలో సాగతుడనే భిక్షువు కథ ఉంది. కౌశాంబిలో జనం ప్రేమగా పోసిన మద్యం తాగి ఊరి వాకిట్లో పడిపోయాడు. భగవానుడు ఆయనను తన్ని తగలేయమనలేదు. ఎత్తుకుని విహారానికి తీసుకురమ్మన్నాడు. మద్యపానం కూడదన్న నియమం పెట్టింది ఆ తర్వాతే. ముందు మనిషిని లేపాడు, తర్వాత నియమం చెప్పాడు. మరోసారి, విరేచనాలతో తన మలంలోనే పడివున్న భిక్షువును ఆనందునితో కలిసి స్వయంగా కడిగాడు. నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి సేవ చేయాలని బోధించాడు.

మన ఆర్య సత్యాలు కూడా వైద్యుని పద్ధతే. దుఃఖాన్ని గుర్తించడం, కారణం పట్టుకోవడం, అది పోతుందని తెలుసుకోవడం, పోయే దారిలో నడవడం. తాగుబోతని తిడితే మనం మొదటి మెట్టు కూడా ఎక్కనట్టే.

శీలాన్ని సిక్ఖాపదం అంటాం. అంటే నేర్చుకుంటూ వేసే అడుగు. ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషి మళ్ళీ జారవచ్చు. జారితే మళ్ళీ ఆసుపత్రికి, మళ్ళీ శీలానికి తీసుకురండి. వచ్చే పౌర్ణమి వందనకు ఆయనను మీ పక్కనే కూర్చోబెట్టుకోండి. వెనక్కి నెట్టకండి.

సర్వ ప్రాణులూ దుఃఖం నుంచి విడుదల పొందుగాక.

సాధు, సాధు, సాధు. జై భీమ్!